పడుగు దాటిన టీచరమ్మ

మా మనవరాలికి ఇంగ్లీషు నేర్పే ఉద్యోగం ఇప్పుడొక పిల్లి చేస్తోంది. ఆ పిల్లి ఫోనులో ఉంటుంది. పెట్టెలో కూర్చుంటుంది, పెట్టె మీదికెక్కుతుంది, పెట్టె కింద దూరుతుంది, పెట్టె మీంచి అవతలికి దూకుతుంది. అది ఎక్కడుందో పిల్ల వేలితో సరిగ్గా నొక్కితే చప్పట్లు మోగుతాయి, తప్పు నొక్కితే పిల్లి మూతి ముడుచుకుంటుంది. బతుకంతా బళ్లో ఇంగ్లీషు చెప్పి, ఆ పుణ్యాన పింఛను తింటున్న మనిషిని నేను పక్కనే కూర్చుని ఉన్నా, ఆ పిల్లికున్న విలువ నాకు లేదు. "నువ్వు చెప్పకు అమ్మమ్మా, పిల్లి చెప్తది" అని మొన్న నా నోరు మూయించింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ కోపంలో పిల్లిని కాస్త నిదానంగా చూస్తే ఒకటి తెలిసింది. అది పెట్టె మీంచి దూకి అటే పోతోంది. మళ్లీ వెనక్కి దాటడం లేదు. ఎవరూ దాన్నేమీ అనడం కూడా లేదు. మా బాపమ్మ ఉంటే ఆ పిల్లికి అన్నం పెట్టేది కాదు.

అదే వారంలో ఎవరో చెప్పారు, చిన్నప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పిన కోరుట్ల టీచరమ్మ కాలు బెణికి జగిత్యాలలో కూతురింట్లో ఉందని. మర్నాడే సిరిసిల్లలో బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. కారులో కూర్చుంటే 'ఇన్' అనాలి, బస్సులో కూర్చుంటే 'ఆన్' అనాలి అని నా దగ్గర చదివిన పిల్లలకు చెప్పడానికి ఏటా నా తలప్రాణం తోకకొచ్చేది. అదే పాఠం మాకు టీచరమ్మ చెప్పినప్పుడు మాత్రం ఒక్క పిల్లకు కూడా అనుమానం రాలేదు. ఆ రోజుల్లో వేములవాడ జాతరకు పోయే బస్సులో సగం మంది టాపు మీదే ఉండేవాళ్లు. బస్సులో కూర్చోవడమంటే బస్సు మీద కూర్చోవడమేనని మాకు ఇంగ్లీషువాళ్లు కొత్తగా చెప్పనక్కరలేకపోయింది. కిటికీలోంచి పొలాలు చూస్తూ నేను నవ్వుకుంటుంటే పక్క సీటావిడ సంచి దగ్గరికి లాక్కుంది.

మా వాడ నేతగాళ్ల వాడ. అప్పటికి సగం ఇళ్లలో మరమగ్గాలు వచ్చేశాయి. వాటిని మేం సాంచెలంటాం. మిగతా సగం ఇళ్లలో ఇంకా చేతిమగ్గాలే. అందుకని వాడలో రెండు చప్పుళ్లుండేవి, ఒకటి పరుగెత్తేది, ఒకటి నడిచేది. వాసన మాత్రం ఒక్కటే, గంజి వాసన. పొద్దున్నే వీధి పొడవునా గుంజలు పాతి, వాటి మధ్య పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు దారాలు, బారుగా సాపి, మగవాళ్లు అటొకరు ఇటొకరు నడుస్తూ పెద్ద కుంచెలతో దారాలకు గంజి పట్టించేవాళ్లు. ఎండ ఎక్కేలోపు ఆరాలి. తడిసిన నూలు, ఉడికిన గంజి, పొయ్యి మీద కాలుతున్న జొన్నరొట్టె, ఈ మూడూ కలిసిన వాసన ఇప్పుడు ఏ సీసాలోనూ దొరకదు. దొరికితే నేను రాసుకుని తిరిగేదాన్ని, ఊరంతా నవ్వినా సరే.

పడుగు సాపి ఉన్నప్పుడు ఎవరూ దాన్ని దాటకూడదు. కిందనుంచి దూరవచ్చు, చుట్టూ తిరిగి పోవచ్చు, పైనుంచి కాలు వెయ్యడం మాత్రం మహాపరాధం. కోళ్లను కూడా తరిమేవాళ్లు. పడుకున్న పిల్లల్ని దాటడం కూడా అంతే తప్పు. దాటితే పిల్ల ఎదగదు. దాటినవాళ్లు వచ్చిన దారినే వెనక్కి దాటితే దోషం పోతుంది. నేను పొట్టిగా ఉండిపోవడానికి కారణం మా చిన్నాయనేనని బాపమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. చిన్నప్పుడు నన్నెప్పుడో దాటి, వెనక్కి రాకుండా సినిమాకు పోయాడట. మా అమ్మా పొట్టే, అమ్మమ్మా పొట్టే అన్న సంగతి ఆ వాదంలో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

బాపమ్మ అంటే మా నాయన తల్లి. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏ గిన్నె ఎక్కడ ఉండాలో ఆమె చెప్పాల్సిందే. ముందుగది తలుపు వెనుక రాట్నం పెట్టుకుని కూర్చుని పొద్దస్తమానం కండెలకు నూలు చుట్టేది. చెవులు మాత్రం వీధిలో ఉండేవి. మేం ఇంట్లో గుసగుసలాడినా పట్టేసేది గాని, తనకు నచ్చని మాట పక్కనుంచి అరిచినా వినిపించేది కాదు.

బడిలో ఇంగ్లీషు చెప్పేవాళ్లు లేక మా వాడ పిల్లలందరం ఆ ఒక్క పరీక్షలో వరసగా తప్పుతుంటే, వాడ పెద్ద రాజేశం పెద్దయ్య ఎవరినో పట్టుకుని కోరుట్ల నుంచి ఖలీదా టీచరమ్మను పిలిపించాడు. కొత్తగా చదువు ముగించిన మనిషి, సన్నగా, పొడుగ్గా, నవ్వితే పళ్లన్నీ కనిపించేవి. ఉండడానికి మా ముందుగది ఇచ్చారు. ఆమెతో పాటు వాళ్ల అన్న కూడా వచ్చాడు. కోరుట్లలో దర్జీ కొట్టు ఆయనది. ఇంట్లో ఆడపిల్ల బయటి ఊళ్లో ఉద్యోగం చేయడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. రాజేశం పెద్దయ్యకేమో ఆడమనిషి చెప్పే ఇంగ్లీషు మీద నమ్మకం లేదు. ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ, ఆమెను అడక్కుండా, ఒక మాటనుకున్నారు.

"దసరా దాంక సూస్తం భాయ్. పోరగాండ్లకు నాలుగు ముక్కలస్తె ఉంచుకుంటం, లేకుంటె మీ చెల్లెను మీరు తీస్కపోండ్రి" అన్నాడు పెద్దయ్య.

"మంచిది. దసరాకు నేనే అస్త. మల్ల తోల్కపోతె ఇగ యాడికీ పంప. గిదే ఆఖరు" అన్నాడు అన్న.

ఆమె గడపలో నిలబడి విన్నది. ఆ రాత్రి అమ్మతో అన్నది, "అక్కా, నేనీడ ఓడిపోతె మా ఇంట్ల నా ఎన్క ఏ ఆడపిల్లా కొలువుకు పోదు" అని. నేను నిద్ర నటిస్తూ విన్నాను. నాకప్పుడు ఇంగ్లీషు మీద ప్రేమేమీ లేదు గాని ఆమె మీద ఉంది. ఆమె జడకు పెట్టుకునే కొబ్బరినూనె వాసన మీద కూడా ఉంది.

ఆమె పాఠం పుస్తకంతో మొదలుపెట్టలేదు. "ఏ వస్తువు ఎక్కడున్నదో చెప్పరానోనికి ఏ భాషా రాదు" అన్నది. అందుకని ప్రిపొజిషన్లతో మొదలుపెట్టింది. "మీ తెలుగుల గీ మాటలు పేరు ఎన్క నడుస్తయి. మంచం కింద, మంచం మీద. ఇంగ్లీషుల ముంగట నడుస్తయి. గంతే ఫరక్. పెండ్లి ఊరేగింపుల బ్యాండు ముంగటున్నా ఎన్కున్నా పెండ్లి పెండ్లే" అని చెప్పి, మమ్మల్ని మంచం కింద దూరమనేది, మంచం మీద ఎక్కమనేది, రెండు నీళ్ల గోలేల మధ్య నిలబెట్టేది, పీట మీంచి దూకించేది. మేం దూరుతూ, ఎక్కుతూ, దూకుతూ పెద్దగా అరవాలి. అండర్, ఆన్, బిట్వీన్, ఓవర్. 'త్రూ' అనే మాటకు మాత్రం ఆమె ఏ కష్టమూ పడలేదు. మగ్గం మీద దువ్వెనలా ఉండే అచ్చు పళ్లలోంచి దారం లాగి చూపించి "గిదే" అన్నది. మా వాడలో పుట్టిన పిల్లకు అంతకంటే వివరం అక్కరలేదు.

చిక్కంతా చూపించడానికి కుదరని మాటలతో వచ్చింది. ఎట్, బై, ఫర్, విత్. వీటిని ఏ మంచం కింద దూర్చాలి? దానికీ ఆమె దగ్గర జవాబుంది. "గివి పర్దాల ఉండే మాటలు. మా ఇంటి ఆడోళ్ల లెక్క. బయటోళ్లకు కనవడయి. కనవడాలంటె నువ్వు ఆ ఇంటి మనిషివి కావాలె. చదువుకుంట, మాట్లాడుకుంట కొన్నొద్దులు గా ఇంట్ల ఉండు, అవ్వే ముంగటికస్తయి" అన్నది. నేను తర్వాత ఎన్ని వ్యాకరణ పుస్తకాలు తిరగేసినా ఇంతకు మించిన నియమం దొరకలేదు. అవి లావుగా మాత్రం ఉన్నాయి.

తలుపు వెనుక బాపమ్మ సణుగుతూనే ఉండేది. "గీ ఇన్నులు ఆన్నులతోటి కండెలు నిండుతయా, కడుపు నిండుతదా? పోరగాండ్లను మంచాల కింద దూర్పిచ్చుటానికి కోరుట్లకెంచి రావాల్నా? మా పిల్లి దూరదా?" అనేది. అలా సణుగుతూ సణుగుతూ ఒకరోజు పొయ్యింట్లోంచి అమ్మను కేకేసింది. "ఏందే, పొయ్యి ఆన్ మీద పాలు పొంగుతున్నయ్, సూస్తలెవ్వా?"

ముందుగదిలో మేమంతా కొయ్యబారిపోయాం. 'ఆన్' ముందు ఉందా వెనుక ఉందా అన్న గొడవ లేకుండా ఇంగ్లీషునూ తెలుగునూ ఒకే గిన్నెలో పోసేసింది. టీచరమ్మ దిద్దుతుందేమోనని చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. ఆ తర్వాత ఇంట్లో అదే భాష అయింది. గరిటె కుండ అండర్ ల ఉంది, చీపురు తలుపు బిహైండ్ ఎన్క ఉంది. మా నాయన కూడా చుట్ట కోసం వెతుకుతూ "అంగి ఇన్ ల పెట్టిన, ఏడవోయింది?" అనేవాడు. సరదాకే అనుకున్నాం. మాకు తెలియకుండానే నేర్చుకుంటున్నామని ఎవరికీ తోచలేదు.

టీచరమ్మకు చాయ్ ఇవ్వడానికి బాపమ్మ ఒక గ్లాసు వేరుగా పెట్టింది. మొదటిరోజే గూట్లో ఒక మూలన పెట్టి, "గది టీచరమ్మది, ఎవ్వలు ముట్టకుండ్రి" అన్నది. అదేదో గౌరవమన్నట్టు అన్నది గాని, గౌరవం కాదని నాకూ తెలుసు, టీచరమ్మకూ తెలుసు. ఆమె అందులోనే తాగి, కడిగి, అదే మూలన బోర్లించేది. ఆ బోర్లించిన గ్లాసును చూస్తే నాకు సిగ్గేసేది.

దసరా దగ్గర పడింది. అన్నట్టే వాళ్లన్న కోరుట్ల నుంచి దిగాడు, చేతిలో ఖాళీ ట్రంకు పెట్టె కూడా ఉంది. సామాను సర్దుకోవడానికి పెట్టె తెచ్చాడంటే, పరీక్ష జరగకముందే ఫలితం ఆయనకు తెలుసన్నమాట. పొద్దున్నే వాడ పెద్దలు వీధిలో కూర్చున్నారు. రాజేశం పెద్దయ్య పడుగు అప్పుడే గుంజలకు సాపి ఉంది, గంజి తడి మీద మెరుస్తోంది. టీచరమ్మ మా పీటను, చిన్న మంచాన్ని బయట పెట్టించింది. మేం స్నానాలు చేసి, నూనె రాసి దువ్వుకుని వరసగా నిలబడ్డాం.

పెద్దయ్య పీటను చూసి మూతి తిప్పాడు. "పీటల మీద దునుకుడు ఎవ్వలకైన అస్తది టీచరమ్మా. గది ఆట. గిదుంది గదా మా పడుగు, మా బతుకు. దీని కాడ చెప్పిపియ్యి నీ ఇంగ్లీషు, సూస్తం" అన్నాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి తానేం కోరుతున్నాడో ఆయనకు తెలియదు. ఆమె ఇన్నాళ్లూ పొద్దున్నే లోపల మాకు పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది కాబట్టి పడుగు నియమం ఆమెకూ తెలియదు. తెలిసినవాళ్లం మేం. మాకేమో ఆ ఘడియ వచ్చేదాకా బుర్రలో వెలగలేదు.

"అండర్ ద థ్రెడ్!" అన్నది టీచరమ్మ. మేం బిలబిలమంటూ పడుగు కింద దూరాం. "ఎరౌండ్ ద పోల్!" గుంజ చుట్టూ తిరిగాం. "బిట్వీన్!" రెండు గుంజల మధ్య నిలబడ్డాం. పెద్దయ్య మీసాల కింద నవ్వు మొదలైంది. "మంచిగనే ఉన్నరే" అన్నాడు పక్కాయనతో. టీచరమ్మ ముఖం విప్పారింది. పడుగు చివర, గుంజకు దిగివచ్చి మోకాలి కంటే కిందికి ఉన్న చోట చెయ్యి చూపించి, హుషారుగా అన్నది.

"ఓవర్ ద థ్రెడ్!"

ఎవరూ కదల్లేదు.

"ఓవర్!" అన్నది మళ్లీ. మేం పీట మీంచి రోజూ దూకిన పిల్లలమే. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పెద్దయ్య నవ్వు ఆగిపోయింది. "గిది రాలేదా?" అన్నాడు. వాళ్లన్న పెట్టె పిడి మీద చెయ్యేశాడు. టీచరమ్మ నా వైపు తిరిగింది. "పద్మా, నీకు అస్తది గదా. ఓవర్" అన్నది. నాకు వచ్చు. కాలెత్తితే ఆమె ఉంటుంది, ఎత్తకపోతే ఆమె పోతుంది. ఎత్తితే ఈ వాడలో నేనుండను. మా నాయన గుంజ పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు విప్పి కారణం చెబుదామన్నా ఏడుపు తప్ప మాట రాలేదు.

అప్పుడామె మాకు ధైర్యం చెబుతున్నట్టు నవ్వి, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, "గిట్ల. ఓవర్" అంటూ పడుగు దాటేసింది.

పెద్దయ్య లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం గంజి రంగుకు తిరిగింది. "ఏందిది!" అన్నాడు. టీచరమ్మకు ఏదో ఘోరం జరిగిందని తెలిసింది గాని ఏం జరిగిందో తెలియలేదు. పడుగుకు అవతల ఒక్కతీ నిలబడి, ఇటు చూస్తోంది. ఆమె అట్లా నిలబడి ఉండడం నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

మా ఇంటి తలుపు దభాలున తెరుచుకుంది. కండె చేతిలో పట్టుకునే బాపమ్మ గడప మీదికి వచ్చింది.

"బిడ్డా! ఓవర్ చేసినవ్ గదా, గట్లనే మల్ల ఎన్కకు ఓవర్ చెయ్యి! ఎరౌండ్ రాకు, అండర్ల దూరకు! అచ్చిన తొవ్వనే ఓవర్!" అని అరిచింది.

టీచరమ్మ ఆలోచించలేదు. కుచ్చిళ్లు పట్టుకుని వెనక్కి దాటేసింది. బాపమ్మ పెద్దల వైపు తిరిగింది. "దాటింది, మల్ల దాటింది. చెల్లుకు చెల్లు. పోరగాండ్లకు రాక గాదు నిలవడ్డది, మీ కడుపుల వుట్టిండ్రు గన్క నిలవడ్డరు. గది గుడ తెల్వదా రాజేశం? ఇగ కూసుండుడు సాలు, గంజి ఆరుతున్నది, సూస్కోండ్రి."

ముందు మా నాయన నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. రాజేశం పెద్దయ్య నవ్వకూడదని చాలా కష్టపడి, చివరికి మీసం తుడుచుకుంటూ, "ముసల్దాని నోట్లకెంచే గన్ని మాటలత్తున్నయంటె, పోరగాండ్లకు రాకపోతయా! ఉండనియ్యుండ్రి టీచరమ్మను" అన్నాడు. వాళ్లన్న ఖాళీ పెట్టె ఖాళీగానే మోసుకుని కోరుట్ల బస్సెక్కాడు. పోయేముందు చెల్లెలి తల మీద చెయ్యి పెట్టాడు, అది నేను చూశాను. ఆ సాయంత్రం బాపమ్మ తాను తాగే ఇత్తడి గ్లాసులో టీచరమ్మకు చాయ్ పోసి ఇచ్చింది. గూట్లో మూలనున్న గ్లాసు ఏమైందో తెలియదు. మాలో ఎవరమూ అడగలేదు.

ఆమె మా వాడలో చాలా ఏళ్లు ఉంది. మా వాడ ఆడపిల్లలు ఆమె దగ్గర చదివే టీచర్లయ్యారు, నాతో సహా. తర్వాత పెళ్లయి కోరుట్ల పోయింది, అక్కడా పాఠాలే చెప్పింది. ఇప్పుడు మా వాడలో వీధి పొడవునా పడుగు సాపేవాళ్లు లేరు. గుంజలున్న చోట బండ్లు నిలబెడుతున్నారు. బాపమ్మ పోయింది, చేతిమగ్గాలు పోయాయి, గంజి వాసన పోయింది. నేను ఇంగ్లీషు మనిషినయ్యాను. మా కొత్త ఇంట్లో పిల్లలు నేల మీద పడుకుని ఫోన్లు చూస్తుంటే, ఫోన్లు తొక్కకుండా ఉంటే చాలునని అందరం వాళ్లను దాటుకుంటూ తిరుగుతుంటాం. ఎవరం వెనక్కి దాటం. పిల్లలు మాత్రం ఎదుగుతూనే ఉన్నారు, ఆ మాట కూడా చెప్పాలి.

జగిత్యాలలో టీచరమ్మ నేల మీద పరుపు వేసుకుని, గోడకానుకుని, కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుంది. జుట్టంతా తెల్లబడింది. నవ్వితే పళ్లు తక్కువగా కనిపించాయి, అవి తక్కువగానే ఉన్నాయి కాబట్టి. కూతురు నస్రీన్ చాయ్ ఇచ్చింది. అందరినీ పేరుపేరునా అడిగింది టీచరమ్మ. మా మనవరాలి పిల్లి సంగతి చెప్తే, "మంచిదే గదా, నాకన్న నయం. దానికి కొలువు పోతదని భయం లేదు" అన్నది. మాటల్లో పడి టైం చూసుకోలేదు. సిరిసిల్ల బస్సు గుర్తొచ్చి గాభరాగా లేచాను. ఇరుకు గది, నా సంచి అవతలి మూలన ఉంది. ఆమె చాపిన కాలు మీంచి గబుక్కున అడుగేసి సంచి అందుకున్నాను.

"పద్మా."

అదే గొంతు. క్లాసులో వరస నిలబెట్టే గొంతు.

"ఓవర్ చేసినవ్ గదా. మల్ల ఎన్కకు ఓవర్ చెయ్యి."

నేను సంచి చేతిలో పట్టుకుని అవతల నిలబడిపోయాను. నస్రీన్ నవ్వుతూ అన్నది, "ఏమనుకోకుండ్రి అక్కా, మా అమ్మీకి గిదో రివాజు. చిన్నప్పటికెంచి మమ్ములను గిట్లనే దాటిపిస్తది. మా చుట్టాలల్ల ఎవ్వలింట్ల లేదు గీ పద్ధతి. ఏడ నేర్సుకున్నదో ఏమో."

టీచరమ్మ నన్నే చూస్తోంది. మా ఇంట్లో ఎప్పుడో జారిపోయిన బాపమ్మ మాట, ఈమె ఇంట్లో ఇన్నేళ్లూ పిల్లల్ని కాచుకుంటూ ఉంది. గోడ పట్టుకుని, మోకాలు కలుక్కుమంటుంటే, వచ్చిన దారినే ఆమె కాలు మళ్లీ దాటాను.

"ఇగ పో. బస్సు పోతది" అన్నది ఆమె.

"పోనీ టీచరమ్మా" అన్నాను. సంచి కింద పెట్టి, ఈసారి పరుపు చుట్టూ తిరిగి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.